పైకప్పు ఆకలి

ఆకలి ఎలా ఉంటుందో నాకు ఇంకా గుర్తుందా? పొద్దున్నుంచి ఈ ఇటుకల దొంతి మీద కూర్చుని నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదొక్కటే. కడుపులో ఏదో కదులుతోంది, కానీ దాన్ని ఆకలి అని పిలవడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ఆకలికి ఒక దిక్కు ఉంటుంది. అది అన్నం వైపు తిరిగి ఉంటుంది. నాలోని దానికి దిక్కు లేదు. అందరూ ఖాళీ చేసి వెళ్ళిన ఇంట్లో ఒక్కరు మిగిలిపోయి, దీపం లేకుండా గది నుంచి గదికి తిరుగుతున్నట్టు ఉంది. ఎదురుగా మా కొత్త ఇంటి పైకప్పు మీద తడి కాంక్రీటు ఒక పట్టీ తర్వాత ఒక పట్టీగా పరుచుకుంటూ వస్తోంది. కింద కాంక్రీటు కలిపే మిషను గర్జిస్తోంది. ఏటవాలు బల్ల మీద వరసగా నిలబడ్డ ఆడవాళ్ళు చేతి నుంచి చేతికి తట్టలు అందిస్తున్నారు. కప్పు మీద మేస్త్రీ అయిన మా నాయన అంకప్ప, మోకాళ్ళ మీద వంగి తడి కాంక్రీటును చదును చేస్తూ మట్టపలక లాగుతున్నాడు. ఇంకో గంటలో ఇదంతా ముగుస్తుంది. ముగిసిన మరుక్షణం ఆయన నా వైపు తిరుగుతాడు, ఆయన వెనక అందరూ తిరుగుతారు, వాళ్ళ కళ్ళ ముందు నేను అన్నం తినాలి.

తమిళనాట ఈ గుడియాత్తంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ, అటు ఆర్కాడు దాకా, ఎన్నో ఇళ్ళకు కప్పు వేసిన కుటుంబం మాది. మాకు మాత్రం ఇన్నాళ్ళూ పెంకుటిల్లే. సిమెంటు పర్మిట్టు కోసం తాలూకాఫీసు మెట్లు ఎక్కి దిగే కాలం పోయి, ఏ అంగడిలో అడిగినా బస్తాలు దొరికే కాలం వచ్చాక, ఈ తొంభై ఏడు మే నెలలో మా వంతు వచ్చింది. కొత్తగా పోసిన కప్పుకు ఆకలి ఉంటుందని మావాళ్ళ నమ్మకం. దానికి తోడుగా ఇంటి మనిషి ఒకరు తెల్లవారినప్పటి నుంచి ఏమీ ముట్టకుండా ఉండాలి. మొదటి తట్ట ఆ చేత్తోనే పోయించాలి. ఆఖరి తట్ట పడేదాకా ఆ మనిషి కప్పు కనిపించే చోట కూర్చుని ఉండాలి, లేవకూడదు. ఆ తర్వాత మొదటి ముద్ద తనే తినాలి. తను తిన్నాకే పనివాళ్ళు ఆకుల ముందు కూర్చుంటారు. అలా తినకపోతే ఆకలి కప్పులోనే నిలిచిపోతుందట, ఏనాటికో ఒకనాటికి ఇంట్లో మనిషిని తింటుందట. మామూలుగా ఇది ఇంటి పెద్ద చేసే పని. ఈసారి ఎవరుండాలన్న మాట వచ్చినప్పుడు మా అమ్మ గోమతి తల కూడా ఎత్తకుండా చెప్పింది: "మన దేవా ఉండాడు గదా. వాడికి సగం దినాలు ఒక్కపొద్దే. వాడి కన్నా శుద్ధమైన చెయ్యి యాడుండాది?" ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు. ఒక పగలంతా తినమని ఎవరూ అడగరన్న మాట ఒక్కటే అప్పుడు నాకు వినిపించింది.

మా కప్పును ఆనుకుని ఉన్న పక్కింటి మిద్దె మీద, నీడ పడీపడని చోట, ఇటుకలు పేర్చి నన్ను కూర్చోబెట్టారు. ఎండలో కొండలు తెల్లబడి ఉన్నాయి. నాకు చలిగా ఉంది. మే నెల ఎండలో చలి వేయడం ఎలా ఉంటుందో ఎవరికి చెప్పగలను? ఇటుక అంచు తుంటి ఎముకకు తగులుతోంది. పక్కకు జరిగితే ఇంకో ఎముకకు ఇంకో ఇటుక. నాకు దగ్గరలోనే, బల్ల పై చివర తట్ట అందుకుని కప్పు మీదికి ఇచ్చేది వళ్ళత్త. మా నాయన దగ్గర నా చిన్నప్పటి నుంచి పని చేస్తోంది, వరస లేకపోయినా అత్త. తట్ట ఇచ్చి వెనక్కి తిరిగిన ప్రతిసారీ నా మీద ఒక మాట విసురుతుంది.

"ఏం సామీ, నీ దయవల్ల మాకు ఈపొద్దు కోడి గూడా పాయె. కప్పు తళం పోసిన దినం బిర్యానీ తినాల్సిన నోట్లో సాంబారు పోయిస్తావుండావే, ఇది నాయమా?"

"మాట్లాడబాకమ్మే, సామి తపస్సులో ఉండాడు," అంది కింది మెట్టులో ఉన్న మీనా.

"తపస్సా! ఎండకు తూగతావుండాడు, చూడు."

నవ్వులు బల్ల పొడుగునా కిందికి జారాయి. నేనూ నవ్వాను. నవ్వడం నాకు బాగా వచ్చు. కాట్పాడి జంక్షన్‌లో నేర్చుకున్నాను. వేలూరు అవతల ఒక కాలేజీలో ఇంజనీరింగు సీటు వచ్చిన మొదటి వారం, సీనియర్లు మమ్మల్ని ప్లాట్‌ఫారం మీదికి తీసుకుపోయారు. అక్కడ రంగుదీపాలు గిరగిర తిరిగే బరువు తూచే మిషను ఒకటి ఉంటుంది. ఎక్కి నిలబడి నాణెం వేస్తే చిన్న అట్టముక్క పడుతుంది, ఒక వైపు బరువు, మరో వైపు జాతకం. ఒక్కొక్కరినే ఎక్కించారు. నా వంతు వచ్చినప్పుడు, మా నాయన పని ఏమిటని అడిగి తెలుసుకుని, అట్టముక్కను రైల్వే అనౌన్సుమెంటులా గట్టిగా చదివి, "ఈ బస్తాలో సిమెంటు ఎంత, ఇసక ఎంత?" అన్నాడొకడు. బెంగళూరు బండి కోసం నిలబడ్డ జనం తిరిగి చూశారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నేను లావుగా కూడా లేను. మట్టి పని చేసే ఇంట్లో పుట్టిన ఒళ్ళు, గట్టిగా ఉండేది, అంతే. ఆ రోజు దాకా నాకు ఒళ్ళు ఉందని వేరుగా తెలియదు. చూపు ఉన్నట్టు, నడక ఉన్నట్టు అదీ ఉండేది. ఆ అట్టముక్క పడిన క్షణం నుంచి ఇద్దరమయ్యాం, నేనూ అదీ. తరవాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే ఒంటరిగా ఆ మిషను దగ్గరికి వెళ్ళాను.

కానీ దాన్ని మాత్రమే నిందిస్తే అబద్ధమవుతుంది. ఆ ప్లాట్‌ఫారం మీద నాతో పాటు ఎందరో నవ్వులపాలయ్యారు. సాయంత్రానికి మరిచిపోయి మెస్సులో రెండోసారి అన్నం అడిగారు. విత్తనం అందరి మీదా పడింది, నా మీదే ఎందుకు మొలిచింది? తమిళ మీడియంలో స్కూలుకే మొదటివాణ్ణి. ఇక్కడ ఇంగ్లీషు పాఠం చెవిలో పడి అర్థమయ్యేలోపల మాస్టారు బోర్డు తుడిచేసేవాడు. మొదటి సెమిస్టరులో పేపర్లు పోయాయి. ఇంటికి చెప్పలేదు. ఊళ్ళో మా నాయన కొత్త ఇళ్ళ పునాదుల దగ్గర నిలబడి, మావాడు బిల్డింగులకు నక్షా గీసే చదువు చదువుతావుండాడని చెప్పుకునేవాడు. నా చేతిలో ఉన్నాయనుకున్నవి ఒక్కొక్కటే జారిపోయాక, మెస్సు పళ్ళెం ఒక్కటి మిగిలింది. దానిలో ఏది పడాలో, ఎంత పడాలో నిర్ణయించేది నేనే. ఎంత చిన్న రాజ్యం! అయినా రాజ్యమే. నా గదిలో ఉండే బాలచంద్రన్ మదరాసువాడు, మంచివాడు, తలుపు వెనక నిలువుటద్దం తగిలించి ఇనుప గుండ్లు ఎత్తేవాడు. కామన్ రూములో కేబుల్ టీవీ రాత్రీ పగలూ వెలుగుతూ ఉండేది. కొత్తగా దేశంలోకి వచ్చిన సబ్బులు, శీతల పానీయాలు, మోటారు బళ్ళు, వాటి పక్కన నిలబడ్డ మనుషులు, ఆ మనుషులందరికీ చెక్కినట్టు దవడలు. ఒకరోజు అద్దంలో నా వెనక నిలబడి, "డేయ్, నీకు దవడ వచ్చేసిందిరా!" అన్నాడు బాలచంద్రన్. నిజంగా సంతోషపడి అన్నాడు. ఆ కాలేజీలో నేను ఏదైనా సాధించానని ఎవరైనా చెప్పడం అదే మొదలు.

మిషను ఒక్క క్షణం గొంతు మార్చింది. కొత్త రాళ్ళు వేసినట్టున్నారు. నాయన లేచి నడుం పట్టుకుని, "కమ్మి కనపడగూడదు! ఆడ కమ్మి కింద పెట్టిన సిమెంటు బిళ్ళ జరిగినట్టుండాది, సరిగ్గా పెట్టండి. కమ్మి బయటపడితే తుప్పు తింటాదప్పా," అని అరిచి మళ్ళీ వంగాడు. ఎవరో ఇనుప కమ్మిని ఎత్తి సరిచేశారు. దాని మీద కాంక్రీటు మూసుకుంది. పోయిన నెలలో ఒక సాయంత్రం ఆయన నా మణికట్టును బొటనవేలితో, చూపుడువేలితో చుట్టి చూశాడు, అంగడిలో కమ్మి మందం చూసినట్టు. వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. "ఇదేందిరా, ఎనిమిది ఎమ్మెమ్ కమ్మి మాదిరి ఉండాది," అని నవ్వాడు. నవ్వాక నా చేతిని వెంటనే వదల్లేదు. ఏదో అడుగుతాడనుకున్నాను. అడగలేదు. చదువుకున్న కొడుకును ఏమని అడగాలో ఆయనకు తెలియలేదు. అడగకుండా ఉండమని నేను లోపల్లోపల మొక్కుకున్నాను. అదొక్కటే నేను నిజంగా మొక్కిన మొక్కు.

లైబ్రరీలో ఇంజనీరింగు పిల్లలు ఎవరూ పోని చివరి వరసలో తత్త్వశాస్త్రం పుస్తకాలుండేవి. పాఠాలు అర్థం కాని మధ్యాహ్నాల్లో అక్కడ కూర్చునేవాణ్ణి. శరీరం వేరు, నువ్వు వేరు, అన్నాయవి. ఇంద్రియాల్ని గెలిచినవాడే స్వతంత్రుడు, అన్నాయి. ఆ మాటలు రాసినవాళ్ళు ఏ స్వేచ్ఛ కోసం రాశారో నేను వెదకలేదు. నాకు కావలసింది ఒక అనుమతి, అది దొరికింది. గెలుపు అనే మాటలో ఎంత తీపి ఉంటుందో! తీపి వస్తువులన్నీ మానుకున్న నేను ఆ ఒక్క తీపినీ మానలేదు. మెస్సులో వాళ్ళంతా తింటుంటే, వాళ్ళ వేళ్ళ నుంచి సాంబారు కారుతుంటే, ఎత్తయిన చోట నిలబడి చూస్తున్నట్టుండేది. కోరిక లేనివాడినని నమ్మాను. అయితే కోరిక లేనివాడు పగలంతా అన్నం గురించే ఎందుకు ఆలోచిస్తాడు? కలలో ఇడ్లీ తిని, తిన్నందుకు ఏడుస్తూ ఎందుకు లేస్తాడు? ఈ ప్రశ్నకు ఆ పుస్తకాల్లో జవాబు ఉండే ఉంటుంది. ఆ పేజీ రాకముందే మూసేసి ఉంటాను.

ఇంట్లో మాత్రం తత్త్వం పనికిరాలేదు. సెలవులకు వచ్చిన మొదటిసారి పళ్ళెం పక్కకు నెడితే, అమ్మ ముఖం ఎలా అయిందంటే, ఆమె చేతిలోంచి బిడ్డను ఎవరో లాక్కున్నట్టు. భయపడి, "ఈపొద్దు శనివారం గదమ్మా, ఒక్కపొద్దు," అన్నాను. ఆ ముఖం వెంటనే తేరుకుంది, వెలిగింది కూడా. అంత సులభమా అనుకున్నాను. శనివారం తర్వాత ఏకాదశి, కృత్తిక, అమావాస్య, ఏదో ఒక శుక్రవారం. పంచాంగంలో మామూలు దినాలు తగ్గుతూ వచ్చాయి. కాలేజీకి పోయిన పిల్లలు చెడిపోయే కాలంలో గోమతి కొడుకును చూడండని వీధిలో చెప్పుకున్నారు. విరించిపురం గుడికి పోతే పూజారి పేరు పెట్టి పలకరించాడు. ముసలివాళ్ళు నా ముందు చెప్పులు విడిచారు. మనిషి తిననంటే మాలో ఎవరైనా కారణం అడుగుతారు. మొక్కు అంటే మాత్రం అడగరు, దణ్ణం పెట్టి తప్పుకుంటారు. నా జబ్బు నడిచేందుకు వాళ్ళ భక్తి దారి ఊడ్చి పెట్టింది. జబ్బు. ఈ మాట నేను లోపలైనా అనుకుని ఎంత కాలమైంది? ఒక ఇంగ్లీషు పత్రికలో ఒకసారి దీని గురించి కనబడింది, ప్రతి వాక్యం నా మీదే రాసినట్టు. చివరికొచ్చేసరికి ఇది ఆడపిల్లలకు వచ్చేదని ఉంది. సిగ్గుపడి మూసేశాను. మా ఇంటి తెలుగులో దీనికి పేరు లేదు. పేరు లేనిదాన్ని తీసుకుపోయి ఏ డాక్టరు బల్ల మీద పెట్టాలి?

మొదట్లో తేలికగా ఉండేది, గాలిలో నడిచినట్టు. ఇప్పుడు ఒంట్లో బరువు పోతున్నకొద్దీ దాన్ని మోయడం కష్టమవుతోంది. హాస్టల్లో రెండో అంతస్తు మెట్లు సగంలో ఆగి ఎక్కుతాను. దువ్వెనలో వెంట్రుకలు. చదివిన వాక్యం చివరికి పోయేలోపల మొదలు మరిచిపోతాను. గెలిచిన సంతోషం ఎప్పుడు పోయిందో తెలియదు. ఆట మిగిలింది, ఆపడానికి వీల్లేని ఆట. అలసిపోయాను. తినడానికి అలసట, తినకపోవడానికి అలసట, ఈ రెంటి మధ్య రోజంతా నిలబడి లెక్క చూసుకోవడానికి అలసట. ఇంతకూ ఈ సాయంత్రానికి నా ఏర్పాటు నేను చేసుకునే ఉన్నాను. ముద్ద నోట్లో పెట్టుకుంటాను, అందరూ అమ్మయ్య అనుకుంటారు, చెయ్యి కడుక్కునే నెపంతో ఇసక కుప్ప వెనక్కి పోయి ఉమ్మేస్తాను. కప్పు ఆకలి మీద నాకు నమ్మకం లేదు. మరి ఆ ఏర్పాటు తలుచుకుంటే లోపల ఎందుకు గుంజుతోంది? కింద అమ్మ సాంబారు తాలింపు వేసినట్టుంది. కరివేపాకు వాసన సిమెంటు దుమ్ములోంచి పైకి వచ్చింది. నోట్లో నీళ్ళూరాయి. వాటికి భయపడ్డాను.

ఇంకో రెండు పట్టీలే మిగిలాయి. ఒకసారి మొదలుపెట్టిన కప్పును మధ్యలో ఆపకూడదు. ఆపితే ఆరినదానికీ తడిదానికీ మధ్య అతుకు పడుతుంది, కంటికి కనపడదు, వానాకాలంలో తెలుస్తుంది. అందుకే పొద్దున్నుంచి ఎవరూ భోజనానికి దిగలేదు. మధ్యలో టీ, బన్ను ఇచ్చారు, నిలబడ్డ చోటే తాగి తిన్నారు. వళ్ళత్త మాటలు కొంచెంసేపటిగా వినిపించడం లేదని అప్పుడు గమనించాను. తట్ట ఇచ్చాక బల్ల అంచు పట్టుకుని, కళ్ళు మూసి, ఒక ఊపిరి తీసి, మళ్ళీ తిరుగుతోంది. ఆ ఆగడం నాకు తెలుసు. మెట్ల మీద నేను అలాగే ఆగుతాను.

"అత్తా, టీ తాగలేదా?" అన్నాను. పొద్దున్నుంచి నేను మాట్లాడిన మొదటి మాట అదే కావచ్చు.

జవాబు మీనా చెప్పింది. "యాడ తాగింది! దానికీ ఒక్కపొద్దే సామీ. నీతోపాటు పట్టింది. కూతురు చిత్రకు ప్లస్ టూ రిజల్టు రావాల గదా."

"నువ్వు నోరు మూసుకోమ్మే," అంది వళ్ళత్త. తర్వాత నా వైపు చూసి, సిగ్గుపడ్డట్టు నవ్వింది. "నీ మాదిరోళ్ళు ఉండే దినం మనమూ ఉంటే, కొంచెం పుణ్యం మనకూ అంటుకుంటాదని. నువ్వు తిన్నాక నేనూ తింటా, ఇంకెంతసేపులే."

తట్ట అందుకుంది. పైకెత్తింది. ఎత్తిన చేతులు అక్కడే నిలిచిపోయి, ఒళ్ళు వెనక్కి తూలి, తట్ట పక్కకు ఒరిగి, బూడిదరంగు కాంక్రీటు బల్ల మీదా ఆమె భుజం మీదా జారింది. వెనక నుంచి మీనా పట్టుకుంది. బల్ల అంచుకు అవతల మనిషెత్తు కన్నా ఎక్కువ లోతు, కింద ఇటుక ముక్కలు. "ఏమాయె ఆడ?" అని నాయన కేక. "ఏంలేదప్పా, కాలు జారె," అని వళ్ళత్త. మళ్ళీ తట్టకు చెయ్యి చాచింది.

నేను నమ్మని మొక్కును ఆమె నమ్మింది. నేను పట్టని ఒక్కపొద్దును ఆమె పట్టింది, రాళ్ళూ ఇసకా నిండిన తట్టలు ఎత్తుతూ, ఈ ఎండలో. ఇన్నాళ్ళూ ఇది నా ఒంటికీ నాకూ మధ్య విషయం అనుకున్నాను. నా లోపలి గదిలో, తలుపు వేసుకుని చేసే పని. తలుపు ఎప్పుడు తెరుచుకుందో, ఎవరెవరు లోపలికి వచ్చి నా పక్కన పస్తు కూర్చున్నారో చూడలేదు. చిత్ర కూడా రేపు ఏదో ఒక కాలేజీకి పోతుంది. అక్కడ అద్దాలుంటాయి, తూచే మిషన్లుంటాయి. ఒకరోజు పళ్ళెం పక్కకు నెడుతుంది, మొక్కు అంటుంది, ఈమె దణ్ణం పెట్టి తప్పుకుంటుంది, దేవా సామి కూడా ఇట్లాగే ఉన్నాడని. ఆ ముద్దను నోట్లో పెట్టుకుని ఇసక కుప్ప వెనక్కి పోతే, ఇదంతా నిజమని ముద్ర వేసినట్టే. అలా చేయను. చెప్పేస్తాను. తర్వాత అనుకుంటే రాత్రికి మనసు మారుతుంది, నాకు నా మనసు తెలుసు. ఇప్పుడే.

లేచాను. కళ్ళ ముందు నలుపు కమ్మింది, గోడ పట్టుకున్నాను, పోయింది. "లేవగూడదు సామీ, ఇంకా ఆఖరి తట్ట పళ్ళేదు!" అని మీనా అరిచింది. బల్ల దగ్గరికి వెళ్ళి, వళ్ళత్త చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, నా ఇటుకల మీద కూర్చోబెట్టాను. మీనా పైకి జరిగి ఆమె చోటులో తట్ట అందుకుంది, వరస ఆగలేదు. "అమ్మా, ముందు వళ్ళత్తకు అన్నం తీసుకోని రా!" అని కిందికి కేక వేశాను.

"నువ్వు తినకుండా నేనెట్లా తింటా? కప్పు ఊరుకుంటాదా?" అంది వళ్ళత్త, లేవబోతూ.

"నాది ఒక్కపొద్దు కాదత్తా. ఎప్పుడూ కాదు. నాకు అన్నం పోవడం లేదు, తినాలంటే భయం. శానా కాలమాయె."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు. భుజం మీది కాంక్రీటు ఆరిపోతోంది. "దొంగ సామీ," అంది మెల్లగా. "ఇన్నాళ్ళు మాచేత దణ్ణాలు పెట్టించుకుంటివే." తర్వాత, గొంతు మార్చి, "మీ నాయనకు చెప్పు. నాకు చెప్తే ఏమొస్తాది? పో."

కప్పు అంచు దాకా నడిచాను. తడి కాంక్రీటు మీద అడుగు పెట్టలేను. నాయన అవతలి మూల ఉన్నాడు, మా ఇద్దరి మధ్య ఆయన పగలంతా పరిచిన కప్పు.

"నాయనా, నాకు ఒంట్లో బాగాలేదు."

ఆయన తల ఎత్తి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏందీ? ఈ మోతలో యాడ వినపడతాది! గట్టిగా చెప్పప్పా!"

నాకే వినిపించకుండా దాచుకున్న మాట. మిషను గర్జిస్తోంది, దాన్ని ఆపడానికి వీల్లేదు. కింద అమ్మ గరిటెతో నిలబడి పైకి చూస్తోంది. పక్క మిద్దెల మీద పిల్లలు చూస్తున్నారు. ఊపిరి నిండా గాలి పీల్చుకుని, వీధి వీధంతా వినేలా అరిచాను.

"తినేదానికి కావడం లేదు నాయనా నాకు! ఇది మొక్కు కాదు, జబ్బు! రేపు వేలూరు ఆసుపత్రికి పిలుచుకోని పో!"

కప్పు మీద నాయన చేతిలోని మట్టపలక ఆగింది.